బురుజుపేటలో తాకవచ్చు, సింహాచలంలో తాకకూడదు: ఎందుకు?

మీ ప్రశ్నను ముందుగా సంగ్రహంగా చెప్పుకుందాం. ఉద్యోగరీత్యా గుంటూరు నుంచి ఈ మధ్యనే విశాఖపట్నం వచ్చిన మీరు, మార్గశిర లక్ష్మివారం నాడు బురుజుపేట కనకమహాలక్ష్మి సన్నిధికి సకుటుంబంగా వెళ్లారు. అక్కడ మీ శ్రీమతి స్వయంగా అమ్మవారికి పాలు పోసి, పసుపు కుంకుమలు సమర్పించి, పాదాలు తాకి నమస్కరించారు. తరువాతి వారం సింహాచలం వెళ్లినప్పుడు గర్భాలయం గడప దాటే అవకాశం లేకపోయింది, స్వామి కూడా చందనపు పూత మాటున ఆకారం తెలియకుండా ఉన్నారు. ఒకే ఊళ్లో ఇంత తేడా ఎందుకు, ఈ రెండింటిలో శాస్త్రసమ్మతమైనది ఏది, చందనం మాటున ఉన్న స్వామిని చూస్తే దర్శనం పూర్తయినట్టేనా, నరసింహస్వామి ఇలవేల్పుగా ఉన్న ఇంటివారు అమ్మవార్లను కొలవవచ్చా అన్నవి మీ సందేహాలు. చివరగా, 70 ఏళ్లు దాటిన మీ తండ్రిగారు గిరి ప్రదక్షిణ చేయాలని పట్టుబడుతున్నారని కూడా రాశారు.

రెండు పద్ధతులూ సమ్మతమైనవే. తాకవచ్చా, తాకకూడదా అన్నది భక్తుని యోగ్యతను బట్టి ఏర్పడిన నియమమని చాలామంది పొరబడతారు. ఈ జిల్లా ఆలయాల పూజాక్రమాలను చాలాకాలంగా పరిశీలిస్తున్నవాడిగా నాకు అర్థమైనంతవరకు, ఆ నియమం ఆ దైవం అక్కడ వెలసిన తీరును, ప్రతిష్ఠ జరిగిన పద్ధతిని, ఆ తరువాత తరతరాలుగా నిలిచిన క్షేత్రాచారాన్ని బట్టి ఏర్పడుతుంది.

ఆగమం, అంటే ఆలయ ప్రతిష్ఠను, పూజాక్రమాన్ని నిర్దేశించే శాస్త్రం, ప్రకారం నడిచే ఆలయంలో మూలమూర్తిని సాక్షాత్తు ఆ ఇంటి యజమానిగా, అక్కడ నిత్యం నివసించే ప్రభువుగా భావిస్తారు. వేకువన మేలుకొలుపు మొదలు రాత్రి పవళింపు వరకు ఆయనకు జరగవలసిన ఉపచారాలన్నీ వేళ తప్పకుండా జరగాలి. వాటిలో లోపం వచ్చినా, అశౌచం కలిగినా సంప్రోక్షణ చేసి తిరిగి ఆరంభించవలసి ఉంటుంది. తిరుమలలో వైఖానస ఆగమం, సింహాచలంలో పాంచరాత్ర ఆగమం అనుసరిస్తారు. వీటిలో ఏది తీసుకున్నా మూలమూర్తిని స్పృశించే అధికారం దీక్ష పొందిన అర్చకునికే ఉంటుంది. ఆ అధికారంతోపాటు ఆహారం, స్నానం, నడవడి విషయాలలో అర్చకునికి కఠినమైన కట్టుబాట్లు కూడా ఉంటాయన్న సంగతి మనం సాధారణంగా గుర్తుచేసుకోము. క్యూలో నిలబడిన భక్తుడు ఎంత గొప్పవాడైనా ఆ కట్టుబాట్లలో లేడు కనుక గడప ఇవతలే ఉంటాడు.

అయితే ఆగమాలయాలన్నింటిలోనూ ఒకే నియమం ఉందనుకోకండి. శ్రీశైలంలో మల్లికార్జున లింగాన్ని భక్తులు తమ చేతితో తాకే స్పర్శ దర్శనం ఉంది. అదే శివుడు శ్రీకాళహస్తిలో వాయులింగంగా వెలసినచోట అర్చకులు సైతం మూలలింగాన్ని చేతితో తాకరు. పండరిపురంలో విఠలుని పాదాలకు ఎవరైనా తల ఆనించి మొక్కవచ్చు. శైవమా వైష్ణవమా అన్నదాన్ని బట్టి కూడా ఈ తేడాను పూర్తిగా వివరించలేము. ఏ క్షేత్రానికి ఆ క్షేత్రాచారమే ప్రమాణం.

బురుజుపేట విషయానికి వద్దాం. పాతపట్నంలోని ఈ అమ్మవారు విశాఖను ఏలిన రాజుల కులదేవత అని, కోట బురుజు దగ్గర వెలసినందువల్ల ఆ పేటకు ఆ పేరు వచ్చిందని ఇక్కడివారు చెప్పుకుంటారు. ఒకప్పుడు శత్రుభయంతో విగ్రహాన్ని బావిలో దాచారని, 1912లో అది తిరిగి బయటపడగా వీధి నడుమ నిలిపారని, 1917లో రోడ్డు వెడల్పు చేయడానికి అక్కడి నుంచి కదిపితే ఊళ్లో ప్లేగు వ్యాపించిందని, మళ్లీ యథాస్థానానికి తెచ్చాక రోగం తగ్గిందని ఆలయ కథనం. అమ్మవారి ఎడమ చేయి ఖండితమై ఉంటుంది. తలపైన కప్పు లేదు. గోపురం కింద ఉండడం అమ్మకు ఇష్టం లేదన్న నమ్మకంతో నేటికీ ఎండలో వానలో ఆరుబయటే ఉంచుతున్నారు.

ఈ మూడు సంగతులనూ కలిపి చూడండి. ఆగమం లెక్కన అంగహీనమైన మూర్తి మూలమూర్తిగా ప్రతిష్ఠకు పనికిరాదు, కప్పులేని చోటు గర్భాలయం కాదు, దారిన పోయేవారందరూ తాకే చోట ఆగమోక్తమైన శౌచం నిలవదు. ఆగమం అడిగే షరతులలో ఒక్కటీ ఇక్కడ లేకపోయినా, ఒక శతాబ్దంగా జనం అమ్మను విడిచిపెట్టలేదు. అక్కడ పూజ నిర్మించిన ఆలయం నుంచి పుట్టలేదు. ఊరి ఆపద నుంచి, ఆ ఆపదలో ఆదుకున్న తల్లి అన్న నమ్మకం నుంచి పుట్టింది. ఆపదలో ఉన్నవాడు మధ్యవర్తి కోసం ఎదురుచూడడు, నేరుగా వెళ్లి కాళ్లు పట్టుకుంటాడు. అందుకే అక్కడ కులమతాల పట్టింపు లేకుండా ఎవరి చేతితో వారు పసుపు పూస్తారు, కుంకుమ పెడతారు, పుట్టిన బిడ్డను తెచ్చి అమ్మ పాదాల చెంత పడుకోబెడతారు. ఉత్తరాంధ్ర ఇళ్లలో పసిబిడ్డను మొదటిసారి బయటకు తీసుకువెళ్లినప్పుడు బురుజుపేట తీసుకువెళ్లడం చాలామందికి అలవాటు.

మార్గశిరంలో ఆ రద్దీ ఎందుకని కూడా అడిగారు. ఆ మాసంలో ప్రతి లక్ష్మివారం ఇంట్లో స్త్రీలు చేసే మార్గశిర లక్ష్మీ వ్రతం కోస్తాలో పాతకాలం నుంచీ ఉన్నదే. మొదటి వారం పులగం, రెండో వారం అట్లు, తిమ్మనం, మూడో వారం అప్పాలు, పరమాన్నం, నాలుగో వారం చిత్రాన్నం, గారెలు, ఐదో వారం పూర్ణం బూరెలు నివేదిస్తారు. మార్గశిరంలో నాలుగు లక్ష్మివారాలే వస్తే ఐదోదాన్ని పుష్యమాసపు మొదటి లక్ష్మివారం నాడు పూర్తిచేస్తారు. ఆ రోజున తలకు నూనె రాయకూడదని, తల దువ్వకూడదని, ఇంట్లో కలహం ఉండకూడదని నియమాలు. ఒడిశాలో ఇదే మాసంలో ఇదే వారం నాడు లక్ష్మిని పూజించి చెప్పుకునే కథలో, లోకం అంటరానిదిగా ఎంచిన ఒక స్త్రీ ఇంటి శుభ్రతకు, భక్తికి మెచ్చి అమ్మవారు లోపలికి అడుగుపెడుతుంది, దానికి కోపించిన పూరీ ఆలయపు అన్నదమ్ములు జగన్నాథ, బలభద్రులిద్దరికీ ఆమె లేక అన్నం పుట్టని గతి పడుతుంది. బురుజుపేటలో అందరి చేతి పూజా అందుకునే ఆచారానికి ఈ కథతో చారిత్రక సంబంధం ఉందని నేను చెప్పడం లేదు. కానీ ఒకే తీరం వెంబడి ఒకే మాసంలో ఒకే దేవతను కొలిచే జనం మధ్య ఈ భావం పరాయిది మాత్రం కాదు.

సింహాచలం కథ దీనికి భిన్నం. అక్కడి గోడలపైన, స్తంభాలపైన వందలాది శాసనాలు ఉన్నాయి. వాటిలో పాతది 11వ శతాబ్ది చివరినాటి కుళోత్తుంగ చోళుని కాలానిది. నేడు మనం చూసే ఆలయ నిర్మాణం చాలావరకు 13వ శతాబ్దిలో తూర్పు గాంగరాజు మొదటి నరసింహదేవుని కాలంలో జరిగింది. కళింగ దండయాత్రకు వచ్చిన శ్రీకృష్ణదేవరాయలు 1516లో స్వామిని సేవించినట్టు శాసనం ఉంది. ఈ శాసనాలను కేవలం రాజుల చరిత్రగా చదివితే అసలు విషయం తప్పిపోతుంది. అనేకం అఖండ దీపానికి నేయి కోసమో, నైవేద్యం కోసమో, పూలదండల కోసమో చేసిన దానాలే. అంటే ఆ దాతలు తమ చేతులతో పూజ చేయలేదు, కానీ ఆ పూజ తమ తదనంతరం కూడా ఆగకుండా జరిగే ఏర్పాటు చేశారు. ఆగమాలయంలో సామాన్య భక్తుని పాత్ర ఆనాటి నుంచీ అదే.

ఇక చందనం. హిరణ్యాక్షుని వధించిన వరాహం, హిరణ్యకశిపుని వధించిన నరసింహం, ఈ రెండు అవతారాలూ ఒకే మూర్తిలో కలిసి ఉండడం సింహాచలం ప్రత్యేకత. ఆ ఉగ్రతను చల్లబరచడానికే చందనం అని సామాన్యంగా చెబుతారు. స్థలపురాణం ఇంకొంచెం వివరంగా చెబుతుంది. పురూరవ చక్రవర్తి ఊర్వశితో కలిసి ఈ కొండపైకి వచ్చినప్పుడు పుట్టమట్టిలో కప్పబడి ఉన్న స్వామి కనిపించాడని, తొలగించిన మట్టికి బదులుగా అంత చందనం పూయమని ఆకాశవాణి పలికిందని, ఏడాదికి ఒక్క రోజు మాత్రం నిజరూపం చూపుతానని స్వామి అనుగ్రహించాడని ఆ కథ. ఆ ఒక్కరోజే వైశాఖ శుద్ధ తదియ, అక్షయ తృతీయ. ముందు రాత్రి వెండి బొరిగెలతో చందనాన్ని ఒలిచి, వేకువన వంశపారంపర్య ధర్మకర్తలైన విజయనగర రాజవంశీకులు పూసపాటివారికి తొలి దర్శనం ఇచ్చి, తరువాత భక్తులను అనుమతిస్తారు. ఆ రాత్రి గంగధార నీటితో సహస్ర ఘటాభిషేకం జరిపి తిరిగి మూడు మణుగుల చందనం, అంటే సుమారు 125 కిలోలు, పూస్తారు. వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకు మూడేసి మణుగుల చొప్పున సమర్పించి పన్నెండు మణుగులతో పూర్తిచేస్తారు. ఒలిచిన చందనం భక్తులకు ప్రసాదంగా అందుతుంది.

కనుక చందనం మాటున దర్శనం అసంపూర్ణమా అన్న ప్రశ్నకు నా సమాధానం: కాదు. విష్ణువు అలంకార ప్రియుడని, శివుడు అభిషేక ప్రియుడని, సూర్యుడు నమస్కార ప్రియుడని ప్రసిద్ధమైన శ్లోకం ఉంది. తిరుమలలో స్వామిని చూసినప్పుడు పట్టువస్త్రాలు, పూలదండలు, ఆభరణాలే మనకు ఎక్కువగా కనిపిస్తాయి, శిలామూర్తి కొద్దిగానే కనిపిస్తుంది, అయినా దర్శనం కాలేదని ఎవరూ అనరు. సింహాచలంలో అలంకారం చందనమే. స్వామి తనకుతాను కోరుకున్న రూపం అది అని స్థలపురాణం చెబుతుండగా, ఏడాదిలో మిగిలిన రోజులన్నీ తక్కువ అనుకోవడానికి ఆధారం లేదు. నిజరూప దర్శనం దుర్లభం కనుక గొప్పదే. అయితే దానికోసం చంటిబిడ్డలతో, వృద్ధులతో ఆ ఒక్కరోజునే ఎండలో గంటల తరబడి క్యూలో నిలబడడం నేను ఎవరికీ సలహా ఇవ్వను. ఆ రోజున స్వామి సన్నిధిలో నిలిచేది క్షణకాలం. మామూలు రోజున కొంచెం స్థిమితంగా కళ్లారా చూడవచ్చు.

సింహాచలంలో భక్తుడు చూడడానికి తప్ప చేయడానికి ఏమీ లేదన్న మీ బాధ సగమే నిజం. గర్భాలయం బయట మీ చేతికి, కాలికి పని చాలా ఉంది. కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి మెట్లదారిన ఎక్కుతూ మెట్టుమెట్టుకూ పసుపు రాసి బొట్టు పెట్టే స్త్రీలను చూసే ఉంటారు. తలనీలాలు ఇస్తారు. రైతు కుటుంబాలు తమ ఇంట పుట్టిన కోడెదూడను అప్పన్నకు, అంటే ఈ స్వామికే, మొక్కుగా తోలుకువస్తాయి. ముఖమండపంలోని కప్పస్తంభాన్ని సంతానం కోసం, కోరికల కోసం చేతులారా కౌగిలించుకుంటారు. మూలమూర్తిని తాకలేని భక్తునికి తాకడానికి ఆ స్తంభం ఉంది. యాదవులు తప్పెటగుళ్లు గుండెకు కట్టుకుని ఆడుతూ పాడుతూ కొండకు వచ్చి చేసే సేవకు ఏ ఆగమంలోనూ విధి లేదు, కానీ అప్పన్న కొలువులో దానికి తక్కువ స్థానం ఇచ్చినవారూ లేరు.

స్వయంగా షోడశోపచారాలు చేయాలన్న కోరిక మీ శ్రీమతికి ఉంటే దానికి తగిన చోటు ఇల్లే. ఇంట్లో గృహస్థుడే అర్చకుడు. పసుపుముద్దలోకి గణపతిని ఆవాహన చేసి, ఆసనం, పాద్యం, అర్ఘ్యం మొదలు నీరాజనం వరకు సమర్పించి, చివర ఉద్వాసన చెప్పే మన వ్రతవిధానం అంతా ఆ అధికారం మీదే నడుస్తోంది. ఆవాహన చేసినంతసేపే అక్కడ దైవసన్నిధి కనుక ఆలయంలోని శాశ్వత ప్రతిష్ఠకు ఉండే కట్టుబాట్లు ఇంటికి వర్తించవు. ఇంట్లో నరసింహస్వామిని లక్ష్మీసమేతంగా, శాంతమూర్తిగా ఉన్న పటంలో పూజించండి. తులసి, చందనం, పానకం, వడపప్పు చాలు. అక్షతలతో విష్ణువును, తులసితో గణపతిని పూజించకూడదన్న నియమం ఉన్నా, వినాయక చవితి నాటి ఏకవింశతి పత్రాలలో తులసి ఉంది. ఇటువంటి నియమాలను మీ ఇంటి పెద్దల ఆచారం ప్రకారం పాటించండి. అంతర్జాలంలో చదివిన ప్రతి నిషేధానికీ భయపడవద్దు.

ఇలవేల్పు నరసింహుడైతే అమ్మవార్లను కొలవకూడదన్న మాట ఉత్తరాంధ్రలో ఎవరూ అనరు. ఇక్కడి ఇళ్లలో ఒకరి పేరు అప్పలరాజు, మరొకరి పేరు నూకరాజు, ఇంకొకరి పేరు పైడితల్లి. ముగ్గురూ ఒకే తల్లి బిడ్డలు కావచ్చు. ఆషాఢంలో సింహాచలం కొండ చుట్టి, కొత్త అమావాస్యకు అనకాపల్లి నూకాంబిక జాతరకు వెళ్లి, విజయనగరంలో పైడితల్లి సిరిమాను చూసి రావడం ఒకే కుటుంబం ఒకే ఏడాదిలో చేసే పనులు. విష్ణుభక్తిలో నియమదీక్ష తీసుకున్న శ్రీవైష్ణవ కుటుంబాలకు తమ సంప్రదాయపు నియమాలు వేరుగా ఉండవచ్చు. మీరు అలా రాయలేదు కనుక మీకు ఆ ఇబ్బంది లేదనే భావిస్తున్నాను. గ్రామదేవత గుడిలో చలివిడి, పానకం, చీర, రవికె, పసుపు కుంకుమలు సమర్పించండి. కొన్నిచోట్ల కోళ్లు, మేకలు మొక్కుకునే ఆచారం ఉంది. మీ ఇంటి ఆచారంలో అది లేకపోతే చేయనవసరం లేదు, చేసేవారిని తప్పుపట్టనూ అవసరం లేదు. అక్కడి పూజారి చాలాసార్లు బ్రాహ్మణేతరుడై, ఆ ఊరి కుటుంబాలలో ఒకదానికి చెందినవాడై ఉంటాడు. ఆయన చెప్పిన క్రమమే అక్కడి శాస్త్రం.

బురుజుపేటకు మళ్లీ వెళ్లేటప్పుడు ఒక్క మాట. పూజ స్వయంగా చేయవచ్చు కదా అని సంచీలకొద్దీ పాలు, పసుపు తీసుకువెళ్లకండి. చిన్న గిన్నెడు పాలు, చిటికెడు పసుపు, కుంకుమ, ఒక మూర పూలు చాలు. మార్గశిరంలో వెనుక నిలబడినవారికి కూడా మీకు దొరికినంత సమయం దొరకాలి. తీరికగా పూజ చేయాలనుకుంటే మార్గశిరం కాని మాసంలో, లక్ష్మివారం కాని రోజున ఉదయాన్నే వెళ్లండి.

మీ తండ్రిగారి సంగతి. గిరి ప్రదక్షిణ ఆషాఢ శుద్ధ చతుర్దశి మధ్యాహ్నం తొలిపావంచా దగ్గర మొదలై అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక మీదుగా అప్పూఘర్ తీరానికి వచ్చి, ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, మాధవధార, ఎన్ఏడీ, గోపాలపట్నం దాటి తిరిగి కొండ దిగువకు చేరే 32 కిలోమీటర్ల నడక. చాలామంది రాత్రంతా నడుస్తారు. దారి పొడవునా మంచినీళ్లు, పులిహోర, మజ్జిగ ఇచ్చేవారు ఉంటారు కనుక ఆకలి సమస్య కాదు. కాళ్లు, వాన, జనసందోహం, ఇవే సమస్యలు. తండ్రిగారికి రోజూ ఐదారు కిలోమీటర్లు నడిచే అలవాటు ఉండి, మోకాళ్లు, గుండె విషయంలో డాక్టరు అభ్యంతరం చెప్పకపోతే ఇప్పటి నుంచే దూరం పెంచుతూ అలవాటు చేయండి, ఆ రోజు ఇంట్లో ఒకరు ఆయనతోనే నడవండి. అలవాటు లేకపోతే వద్దని గట్టిగానే చెప్పండి. ప్రదక్షిణ మొక్కుగా మొక్కుకుని ఉంటే, అది తీర్చవలసిన తేదీ ఆ చతుర్దశే కానక్కరలేదు. జనం లేని రోజున, చల్లని మాసంలో, ఆలయం లోపలి ప్రాకారం చుట్టూ ఆయన ఓపికకు తగినన్ని ప్రదక్షిణలు చేయించి, కప్పస్తంభం దగ్గర కాసేపు కూర్చోబెట్టి, దర్శనం చేయించి తీసుకురండి.